బాపు, నేను, ఆ మూడు సేవ్‌లు

మొన్న అమ్మ బీరువా సర్దుతూ వీడియో కాల్ చేసింది. "గీ పసుపు బనీను ఇంక ఉంచాల్నా, బండి తుడుసుకునే బట్టకు ఇయ్యాల్నా?" అని కెమెరా ముందు ఆడించింది.

అది బనీను కాదు. హైదరాబాద్ ఎఫ్‌సీ జెర్సీ. భుజం దగ్గర కుట్టు ఊడింది. పొట్ట మీద చాయ్ మరక ఒకటి. ఎన్ని సర్ఫులు మార్చినా ఆ మరక పోలేదు. ఆ చిరుగు, ఆ మరక రెండూ ఒకే రాత్రివి. 2022 మార్చి 20, ఆదివారం, గోవాలోని మడ్‌గావ్.

అమ్మ అడిగినదాంట్లో తప్పు లేదు. ఆ జెర్సీ మీద ఉన్న క్లబ్బే ఇప్పుడు హైదరాబాద్‌లో లేదు. 2025 అక్టోబర్‌లో అది ఢిల్లీకి వెళ్లిపోయింది. పేరు కూడా స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని మారింది. ఆఫీసులో లంచ్ చేస్తూ ఫోన్‌లో ఆ వార్త చదివా. పక్కన కూర్చున్న కొలీగ్‌కి చూపిస్తే, "అవునా, మనకి ఫుట్‌బాల్ టీమ్ ఉండేదా?" అన్నాడు.

ఉండేది బ్రో. దేశంలోనే చాంపియన్ అయింది. ఆ రోజు నేను అక్కడే ఉన్నా. మా బాపు కూడా ఉన్నాడు. ఆ కథే ఇది.

మొదటి మ్యాచ్‌కే పడిపోయా

మాది గోదావరిఖని, యైటింక్లయిన్ కాలనీ. బాపు సింగరేణిలో టింబర్‌మన్. అంటే బాయిలో బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దిమ్మెలు, సపోర్టులు పెట్టే పని. మా కాలనీలో పిల్లలందరం షిఫ్టుల లెక్కన పెరిగాం. బాపు నైట్ షిఫ్ట్ చేసి పడుకుంటే పగలు ఇంట్లో మిక్సీ కూడా వేసేవాళ్లం కాదు. ఇక మిగిలింది గ్రౌండే. అందరూ క్రికెట్ ఆడేవాళ్లు. నాకు మాత్రం ఎందుకో ఫుట్‌బాల్ పిచ్చి. అర్ధరాత్రి యూరప్ మ్యాచ్‌లు సౌండ్ తీసేసి చూసేవాణ్ని.

బాపు కూడా ఒకప్పుడు గోల్‌కీపరే. పెళ్లికి ముందు బాయి టీమ్‌లో ఆడేవాడట. ఇంట్లో ఒక గ్రూప్ ఫొటో ఉంది. మధ్యలో మోకాళ్ల మీద కూర్చుని, చేతుల్లో బంతి పట్టుకుని, మీసాలతో బాపు. "ఎందుకు మానేశావు?" అని ఎప్పుడడిగినా ఒకటే జవాబు: "షిఫ్టులు కుదరలే." మా ఊళ్లో షిఫ్టులు కుదరక ఆగిపోయినవి ఎన్నో ఉంటాయి. కాబట్టి ఇంకో ప్రశ్న వేయాలని ఎప్పుడూ అనిపించలేదు.

2019లో ఇంజినీరింగ్ అయిపోయి గచ్చిబౌలిలో ఉద్యోగంలో చేరా. అదే ఏడాది హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. పుణె సిటీ అనే క్లబ్ మూతపడితే, ఇండియన్ సూపర్ లీగ్‌లో దాని స్థానంలోకి వచ్చింది. నవంబర్ 2న గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో మొదటి హోమ్ మ్యాచ్. ప్రత్యర్థి కేరళ బ్లాస్టర్స్. ముందు కేరళ కుర్రాడు కేపీ రాహుల్ గోల్ కొట్టాడు. తర్వాత మనవాళ్లు రెండు కొట్టి 2-1తో గెలిచారు. ఐడీ కార్డు మెడలోనే వేలాడుతుండగా గొంతు పోయేలా అరిచా. హైదరాబాద్ వచ్చిన నాలుగు నెలలకి ఈ ఊరు నాదే అని మొదటిసారి అనిపించింది ఆ రాత్రే.

ఆ పేరు గుర్తుపెట్టుకోండి. కేపీ రాహుల్. మళ్లీ వస్తాడు.

ఆ సీజన్‌లో మిగతాదంతా ఏడుపే. 18 మ్యాచ్‌ల్లో గెలిచింది రెండు. పది జట్లలో పదో స్థానం. ఆఫీసులో ఎవరికీ చెప్పుకోలేని ప్రేమ అన్నమాట.

హైదరాబాద్‌కి ఫుట్‌బాల్ కొత్త అనుకుంటే మాత్రం పొరపాటే. 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీస్ టీమే. దాని కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. 'మైదాన్' సినిమాలో అజయ్ దేవగణ్ వేసింది ఆయన పాత్రే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన కోచింగ్‌లో ఇండియా నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి బంగారు పతకం కొట్టింది. ఆ ఫైనల్లో గోల్ ముందు నిలబడ్డ పీటర్ తంగరాజ్ పుట్టింది హైదరాబాద్‌లోనే. ఇదంతా నేను తర్వాత చదివి తెలుసుకున్నా. తంగరాజ్ పేరు మాత్రం బాపుకి ముందే తెలుసు. గోల్‌కీపర్ల పేర్లు ఆయన మర్చిపోడు.

ఆదివారం డ్యూటీ వదులుకున్నాడు

2020 మార్చిలో లాక్‌డౌన్. ల్యాప్‌టాప్ సర్దుకుని ఖని వచ్చేశా. రెండేళ్లు వర్క్ ఫ్రమ్ హోమ్. అటు లీగ్ మొత్తం గోవాలోనే, బయో బబుల్‌లో, ఖాళీ స్టేడియాల్లో జరిగింది. మా క్లబ్ హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే బాగుపడింది. మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ కోచ్ వచ్చాడు. ఓగ్‌బెచె అనే నైజీరియా స్ట్రయికర్ 2021-22 సీజన్‌లో 18 గోల్స్ కొట్టాడు. సాయంత్రం స్టాండప్ మీటింగ్ అవ్వగానే టీవీ పెట్టేవాణ్ని. బాపు ఫస్ట్ షిఫ్ట్ చేసొచ్చిన రోజుల్లో పక్కన కూర్చునేవాడు. గోల్ పడితే నేను స్ట్రయికర్‌ని చూసేవాణ్ని. ఆయన కింద పడ్డ కీపర్‌ని చూసి "అయ్యో" అనేవాడు.

సెమీస్‌లో ఏటీకే మోహన్ బగాన్‌ని 3-2 అగ్రిగేట్‌తో దాటేశాం. ఫైనల్ మళ్లీ కేరళ బ్లాస్టర్స్‌తోనే. వేదిక మడ్‌గావ్‌లోని ఫతోర్దా స్టేడియం. రెండేళ్ల తర్వాత పూర్తిగా ప్రేక్షకుల్ని రానిస్తున్నారు. టికెట్లు ఓపెన్ అవ్వగానే రెండు బుక్ చేసేశా. రెండోది ఎవరికి అనేది అప్పటికి ఆలోచించలేదు. ఫ్రెండ్స్ అందరూ "గోవా అంటే వస్తాం కానీ మ్యాచ్‌కి రాం" అన్నారు.

రాత్రి అన్నం తింటూ బాపుని ఊరికే అడిగా. "వస్తావా?"

"ఆదివారం ప్లే డే ఉన్నది గదరా."

మాకు ఆదివారం డ్యూటీని ప్లే డే అంటారు. పేరులో ఆట ఉన్నా అది పనే. కాకపోతే డబ్బులు ఎక్కువ వస్తాయి, అందుకే ఎవరూ వదులుకోరు. సరేలే అనుకుని వదిలేశా. చెయ్యి కడుక్కుని వచ్చి బాపు అడిగాడు: "గోల్‌కీపర్ ఎవరు మనకు?"

"కట్టిమణి."

"పోదాం తీయ్."

అమ్మ నోరు తెరిచి చూసింది. మా బాపు గోవా ప్రయాణం అలా ఖాయమైంది.

హోలీ ఆడిన మర్నాడు, చెవుల్లో రంగు ఇంకా పోకముందే, రామగుండంలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగాం. అక్కణ్నుంచి స్లీపర్ బస్సు. బాపుకి స్లీపర్ బస్సు కొత్త. "బాయిల మ్యాన్‌రైడింగ్ కంటె నయమే" అని కాళ్లు ముడుచుకుని పడుకున్నాడు. నిద్ర పట్టక నేను కట్టిమణి కథ చెప్పా.

లక్ష్మీకాంత్ కట్టిమణి గోవా వాడే. 2015లో ఎఫ్‌సీ గోవాకి ఆడుతున్నాడు. డిసెంబర్ 20న ఫైనల్, ఇదే ఫతోర్దాలో, సొంత జనం ముందు. చెన్నయిన్ మీద గోవా 87వ నిమిషంలో 2-1 ఆధిక్యంలోకి వచ్చింది. కప్పు చేతికి అందినట్టే. 90వ నిమిషంలో బంతి కట్టిమణి మీదుగా సొంత వలలోకి వెళ్లిపోయింది. స్కోర్‌కార్డులో సెల్ఫ్ గోల్ అని అతని పేరే పడింది. ఇంకో రెండు నిమిషాలకి చెన్నయిన్ మూడోది కొట్టేసింది. 3-2. అయిపోయింది.

"ఇప్పుడు అదే గ్రౌండ్‌లో మళ్లీ ఫైనల్ ఆడుతున్నాడు బాపు" అన్నా.

ఏమీ అనలేదు. నిద్రపోయాడనుకున్నా. చాలాసేపటికి కింద బెర్త్ నుంచి గొంతు వినిపించింది: "అంటె ఆరేండ్లు మోసిండన్నట్టు."

రెండు పసుపులు

ఫతోర్దా బయట సీన్ చూసి నా ధైర్యం సగం చచ్చిపోయింది. ఎటు చూసినా పసుపు. అంతా కేరళ జనం. వాళ్ల ఫ్యాన్స్ గ్రూప్ 'మంజప్పడ' పేరుకి అర్థమే పసుపు దండు. డప్పులు, ట్రంపెట్లు, చెండల మోత. హైదరాబాద్ ఫ్యాన్స్ 'డెక్కన్ లీజియన్' వాళ్లు ఒక పక్క చిన్న గుంపుగా కనిపించారు. మా టికెట్లు వాళ్ల దగ్గర కాదు, సరిగ్గా కేరళ జనం మధ్యలో.

ఇక్కడే అసలు తమాషా. మా జెర్సీ కూడా పసుపే. లీగ్ దశలో పైస్థానంలో ఉన్నది మేమే కాబట్టి ఫైనల్లో హోమ్ టీమ్ హోదా మాకొచ్చింది. అంటే మైదానంలో పసుపు వేసుకునే హక్కు హైదరాబాద్‌ది. కేరళ వాళ్లు నలుపు జెర్సీలో దిగాల్సి వచ్చింది. స్టాండ్స్‌లో పసుపంతా కేరళది, గ్రౌండ్‌లో పసుపు మాది. నన్ను చూసి చుట్టుపక్కల వాళ్లందరూ మనోడే అనుకున్నారు. పక్క సీటాయన మలప్పురం నుంచి వచ్చాడట. నా భుజం మీద చెయ్యేసి అరటికాయ చిప్స్ ప్యాకెట్ ముందు పెట్టాడు. రెండు చిప్స్ తిన్నాక నా గుండె మీదున్న లోగో చూశాడు. ఒక్క క్షణం ఆగి, పెద్దగా నవ్వి, ప్యాకెట్ బాపు వైపు జరిపాడు. "అంకుల్, ఈట్, ఈట్."

కేరళ బాధ కూడా చిన్నది కాదు. అప్పటికే 2014, 2016లో రెండు ఫైనల్స్ ఓడిపోయి ఉన్నారు. రెండోది సొంతూరు కొచ్చిలో, పెనాల్టీ షూటౌట్‌లో. ఆ చిప్స్ ఆయన రెండింటికీ వెళ్లాడట. "థర్డ్ టైమ్ లక్కీ" అన్నాడు. అతని కళ్లలోకి చూసి "కాదు, మేమే గెలుస్తాం" అనడానికి మనసొప్పలేదు.

68... 88

ఏడున్నరకి మ్యాచ్ మొదలైంది. ఫస్టాఫ్‌లో గోల్స్ లేవు. కేరళ స్ట్రయికర్ వాస్కెజ్ కొట్టిన షాట్ క్రాస్‌బార్‌కి తగిలి తిరిగొచ్చినప్పుడు స్టేడియం మొత్తం ఒకేసారి తల పట్టుకుంది. బాపు మాత్రం బంతి ఎటు పోతే అటు చూడట్లేదు. బంతి అవతలి సగంలో ఉన్నా ఆయన చూపు కట్టిమణి మీదే ఉంది. "చూడు, నిలబడే జాగ మారుస్తనే ఉన్నడు. ఖాళీగ ఉన్నట్టు కనవడతడు గని ఉండడు."

68వ నిమిషం. బాక్స్ అంచు దగ్గర కేపీ రాహుల్‌కి బంతి దొరికింది. కొట్టాడు. కట్టిమణి డైవ్ చేశాడు. చెయ్యి తగిలింది కూడా. అయినా బంతి లోపలికి పోయింది.

ఆ శబ్దం ఎలా ఉంటుందో మాటల్లో చెప్పలేను. కుర్చీలు అదిరాయి. డప్పులు నా పక్కటెముకల్లో మోగాయి. మలప్పురం ఆయన మా ఇద్దర్నీ మర్చిపోయి ముందు వరస మీద పడ్డాడు. వేలమంది లేచి ఎగురుతుంటే కూర్చుని ఉన్నది మేమిద్దరమే.

బాపు మొహం చూశా. మ్యాచ్ పోతోందన్న బాధ కాదది. ఇంకేదో. "చెయ్యి తాకింది రా" అన్నాడు నెమ్మదిగా. "తాకకుంటె బాధ లేదు. తాకినంక పోతది చూడు, అదే నిద్ర పోనియ్యది."

ఆ తర్వాత ఇరవై నిమిషాలు నేను స్కోర్‌బోర్డు గడియారం తప్ప ఏదీ చూడలేదు. 80. 84. 86. జనం అప్పుడే పాటలు ఎత్తుకున్నారు. ఫోన్ తీసి రిటర్న్ బస్ టైమ్ చెక్ చేశా. సిగ్గుపడుతున్నా, కానీ నిజం అదే.

88వ నిమిషంలో కేరళ వాళ్లు తమ బాక్స్‌లోంచి బంతిని బయటికి కొట్టారు. అక్కడ సాహిల్ తవోరా ఉన్నాడు. సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన కుర్రాడు, అతనూ గోవా వాడే. బంతి నేల తాకకముందే కాలెత్తి వాలీ కొట్టాడు. అది దూసుకుపోయి వల కదిలేదాకా ఎవరికీ ఏం జరిగిందో తెలియలేదు.

1-1.

మీరెప్పుడైనా నిండు స్టేడియం ఒక్క సెకన్‌లో మౌనమైపోవడం విన్నారా? ఆ మౌనంలో రెండే గొంతులు వినిపించాయి. ఒకటి దూరంగా డెక్కన్ లీజియన్ మూల నుంచి. రెండోది మా బాపుది. బాయి దిగే మనిషి గొంతు, కన్వేయర్ బెల్ట్ మోతలో కూడా అవతలి మనిషికి వినబడేలా అలవాటైన గొంతు. నేనైతే అరవలేదు. నోరు పెగల్లేదు.

ఎక్స్‌ట్రా టైమ్ ముప్పై నిమిషాల్లో ఎవరూ గోల్ కొట్టలేదు. ఇక షూటౌట్.

పదకొండు మీటర్లు

గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. బంతి పెట్టే చోటు నుంచి గీతకి దూరం 11 మీటర్లు. మామూలుగా నాలుగు పెనాల్టీల్లో మూడు గోలవుతాయి. లెక్కలు చూస్తే కీపర్‌కి ఛాన్సే లేదు. నా గోళ్లు అయిపోయాయి. బాపు మాత్రం మ్యాచ్ మొత్తంలో మొదటిసారి తేలిగ్గా ఉన్నాడు.

"ఇప్పుడు భయం కొట్టెటోనిదే. ఆపకపోతె ఆయన్ను ఎవ్వడు తిట్టడు" అన్నాడు.

మొదట కేరళ. మార్కో లెస్కోవిచ్ కొట్టాడు. కట్టిమణి ఆపేశాడు. బాపు పిడికిలి బిగించి తొడ మీద ఒక్కటి కొట్టుకున్నాడు. మన వైపు నుంచి జోవా విక్టర్ గోల్. 1-0.

తర్వాత నిషు కుమార్. కట్టిమణి ఇదీ ఆపేశాడు! నేను ఎగిరి దిగేలోపు రిఫరీ మళ్లీ కొట్టమన్నాడు. కిక్ కొట్టే క్షణానికి కీపర్ కాలు ఒకటైనా గీత మీద ఉండాలి. కట్టిమణి ముందే కదిలాడట. రూల్ రూలే. కానీ ఆపేసిన పెనాల్టీని ఇంకోసారి ఎదుర్కోవాలంటే ఆ మనిషికి ఎలా ఉంటుందో ఊహించండి. స్టేడియం మొత్తం ఈలలతో గోల పెట్టేసింది.

నిషు మళ్లీ వచ్చాడు. మళ్లీ కొట్టాడు. కట్టిమణి మళ్లీ ఆపాడు.

అప్పుడు బాపు లేచి నిలబడ్డాడు. మళ్లీ కూర్చోలేదు. మోకాళ్లు కొద్దిగా వంచి, చేతులు రెండు పక్కలా చాపి నిలబడ్డాడు. ఆయనకి తెలియకుండానే అలా నిలబడ్డాడని నా నమ్మకం. మా ఇంట్లో ఉన్న గ్రూప్ ఫొటోలో మనిషి, మీసాలు నెరిశాయంతే.

మనవాళ్లలో సివెరియో మిస్ చేశాడు. కేరళకి ఆయుష్ అధికారి గోల్ కొట్టి 1-1 చేశాడు. ఖాసా కమారా కొట్టి మళ్లీ 2-1. నాలుగో కిక్‌కి జీక్సన్ సింగ్ వచ్చాడు. కట్టిమణి దాన్నీ ఆపేశాడు. మూడోది. ఇక హాలీచరణ్ నర్జారీ గోల్ కొడితే చాలు. నేను కళ్లు మూసుకున్నా. అవును, గోవా దాకా వెళ్లి, అతి ముఖ్యమైన కిక్‌కి కళ్లు మూసుకున్నా. భుజం దగ్గర టర్రుమని చప్పుడైంది. కళ్లు తెరిచేసరికి బాపు నా జెర్సీ పట్టుకుని గుంజుతున్నాడు. "కొట్టిండు! కొట్టిండు రా బిడ్డా!"

3-1. హైదరాబాద్ ఎఫ్‌సీ చాంపియన్.

ఆటగాళ్లందరూ కట్టిమణి వైపే పరుగెత్తారు. ఆరేళ్ల కింద తలొంచుకుని వెళ్లిన మైదానంలోనే ఇప్పుడు అతన్ని చుట్టుముట్టేశారు. మలప్పురం ఆయన కూర్చుండిపోయాడు. అతనికి ఇది మూడో ఫైనల్, మూడో ఓటమి. ఏం అనాలో నాకు తెలియలేదు. బాపు వెళ్లి పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేశాడు. ఇద్దరికీ ఉమ్మడి భాష ఒక్కటీ లేదు. కాసేపటికి ఆయన లేచి, బాపు చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని, "యువర్ గోల్‌కీపర్, సూపర్" అని చెప్పి వెళ్లిపోయాడు.

మా గోల్‌కీపర్ అన్నందుకు బాపు ఎంత పొంగిపోయాడో!

మడ్‌గావ్ చాయ్

అర్ధరాత్రి దాటాక బస్టాండ్ దగ్గర ఒక చాయ్ బండి కనిపించింది. గొంతులు పోయి ఇద్దరం గుసగుసల్లో మాట్లాడుకుంటున్నాం. సగం చాయ్ తాగాక బాపు ఉన్నట్టుండి అన్నాడు: "షిఫ్టులు కుదరక కాదురా నేను మానేసింది."

నేను పుట్టకముందు మాట. బాయిల మధ్య టోర్నీ ఫైనల్. వాన పడుతోంది. ఆట ఇంకో నిమిషంలో అయిపోతుందనగా నెమ్మదిగా దొర్లుకుంటూ వచ్చిన బంతి. వంగి పట్టుకున్నాడు. చేతుల్లోకి వచ్చింది. జారింది. కాళ్ల మధ్య నుంచి లోపలికి పోయింది. ఒక్క గోల్‌తో ఓడిపోయారు.

"తెల్లారి మస్టర్ కాడ అందరు నవ్విండ్రు. చేతులకు ఆముదం రాసుకున్నవా అన్నరు. నెల దినాలు అదే ముచ్చట. చెడ్డోళ్లేం కాదు, దోస్తులే. నాకే మనసు రాలే. మల్ల గ్రౌండ్‌కు పోలే. మీ అమ్మకు షిఫ్టులని చెప్పిన. తర్వాత అందరికి అదే చెప్పిన."

"అంత చిన్నదానికా?" అనబోయి ఆగిపోయా. నాకు ప్రొడక్షన్‌లో ఒక బగ్ వెళ్తేనే నెలరోజులు మీటింగ్‌లో నోరు విప్పను.

"పైకప్పు నిలవడ్డన్ని దినాలు టింబర్‌మన్ పేరు ఎవ్వడు అడగడు. కీపర్ గూడ గంతే" అన్నాడు. "గని గీయన మల్ల అదే గ్రౌండ్‌కు వచ్చిండు చూడు. నేను రాలే."

ఏం చెప్పాలో తోచక గ్లాసు పక్కన పెడదామని చెయ్యి జాపా. ఒలికి జెర్సీ మీద పడింది. ఇద్దరం నవ్వేశాం. ఆ మరక అదే.

ఖని వచ్చాక ఒక సాయంత్రం బాపు కనిపించలేదు. వెతికితే గ్రౌండ్‌లో ఉన్నాడు. రెండు ఇటుకలు గోల్ స్తంభాలు. కాలనీ పిల్లలు కొడుతుంటే ఆపుతున్నాడు. ఒక డైవ్ కూడా చేశాడట. వారం రోజులు మోకాలికి వేడి నూనె రాస్తూ అమ్మ తిట్టిన తిట్లు పక్క క్వార్టర్ వాళ్లు కూడా విన్నారు. అయినా తర్వాత వారం మళ్లీ వెళ్లాడు.

క్లబ్ వెళ్లిపోయింది. ఇంకేం మిగిలింది?

2022-23లో గచ్చిబౌలిలో మళ్లీ మ్యాచ్‌లు జరిగాయి. సెమీస్ దాకా వెళ్లి, పెనాల్టీల్లో ఓడిపోయాం. ఆ తర్వాత ఆర్థిక కష్టాలు. విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోయారు, కుర్రాళ్లతో నెట్టుకొచ్చారు. 2023-24లో అట్టడుగున నిలిచాం. యాజమాన్యం మారింది. చివరికి క్లబ్బే ఊరు మారింది.

వార్త చదివిన రోజు కోపంతో పెద్ద పోస్ట్ టైప్ చేశా. సగంలో ఆగిపోయా. 2019లో మనకి ఈ క్లబ్ ఎలా వచ్చింది? పుణెలో ఒకటి మూతపడితే వచ్చింది. నేను ఐడీ కార్డుతో ఎగిరిన ఆ రాత్రి, పుణెలో నాలాంటోడెవడో పాత జెర్సీ మడతపెట్టి బీరువాలో పెట్టుకుని ఉంటాడు. అతని గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు. పోస్ట్ డిలీట్ చేసి బాపుకి ఫోన్ చేశా.

విని కాసేపు ఊరుకున్నాడు. రిటైరయ్యాక ఆయన ఫోన్‌లో ఊరుకోవడం ఎక్కువైంది.

"మా ఇంక్లయిన్ బందయినప్పుడు గూడ గిట్లనే అయింది" అన్నాడు. "తలా ఒక బాయికి ట్రాన్స్‌ఫర్ చేసిండ్రు. బాయి పోయింది. గని దోస్తానా పోలే. ఇప్పటికి ఆదివారం చాయ్ కాడ కలుస్తనే ఉన్నం గద."

నిజమే. మా ఏరియాలో అండర్‌గ్రౌండ్ గనులు ఒక్కొక్కటి మూతపడుతూ ఓపెన్‌కాస్ట్‌లు పెరగడం చూస్తూ పెరిగినవాళ్లం. ఆర్డర్ పైనుంచి వస్తుంది, మనల్ని అడగరు. కానీ ఆ చీకట్లో పక్కన నిలబడ్డ మనిషిని ఏ ఆర్డరూ వెనక్కి తీసుకోలేదు. నాకు ఆ క్లబ్ ఇచ్చింది కప్పు కాదు. ముప్పై ఏళ్లు షిఫ్టుల వెనక దాక్కున్న ఒక మాటని బాపు నోటి నుంచి బయటికి రప్పించింది. అది ఢిల్లీకి పోదు.

ఇంతకీ జెర్సీ సంగతి. అమ్మ వీడియో కాల్‌లో దాన్ని ఆడిస్తుండగానే వెనక నుంచి ఒక చెయ్యొచ్చి లాగేసుకుంది. "గది ముట్టకు" అని గొంతు వినబడింది. తర్వాత ఫోన్ బాపు చేతికి మారింది.

"హైదరాబాద్‌ల ఇంక ఏ టీమూ లేదా?"

"శ్రీనిధి డెక్కన్ ఉంది బాపు. సూపర్ లీగ్‌లో కాదు. ఈసారి నువ్వొచ్చినప్పుడు ఒక మ్యాచ్‌కి పోదాం."

కొంచెంసేపు ఆలోచించాడు. తర్వాత ఏం అడిగాడో మీరే ఊహించండి.

"గోల్‌కీపర్ ఎట్ల ఉన్నడు?"